ఉత్తరపు కొసలో పదమూడుగురు

సెల్విక్ ఊళ్లో ఆల్దిస్‌ను తిట్టుకోని ఇల్లు లేదు. ఆమె చేత పన్ను కాగితాలు రాయించుకోని ఇల్లూ లేదు. మార్చి నెల వచ్చిందంటే చాలు, జాలర్లు బూట్ల పెట్టెల్లో రసీదులు కుక్కుకుని ఆమె వాకిట్లో బారులు తీరేవాళ్లు. లోపలికెళ్లి "బాగున్నారా ఆడిటరమ్మా" అనేవాళ్లు. బయటికొచ్చి కోటు మీది మంచు దులుపుకుంటూ "ముసలిదానికి మొగుడూ లేడు, మొహమాటమూ లేదు" అనేవాళ్లు. ఆ మాట కిటికీలోంచి ఆమెకు వినబడేది. వినబడాలనే అనేవాళ్లు.

ఆమె పుట్టింది కెనడాలోని ఆ ఊళ్లోనే, 1922లో. తండ్రి హ్యాల్టి చలికాలమంతా గడ్డకట్టిన విన్నిపెగ్ సరస్సుకు కన్నాలు పొడిచి వలలు దించే జాలరి. ఐస్‌లాండ్ నుంచి వచ్చి ఆ ఒడ్డున దిగిన మొదటి పడవలో మా తాత ఉన్నాడని ఊళ్లో ప్రతివాడూ చెప్పుకునేవాడు. హ్యాల్టి తాత నిజంగానే ఉన్నాడు. ఆల్దిస్‌కు పదేళ్లప్పుడు తల్లి కాన్పులో పోయింది. పుట్టిన పిల్లవాడు ఒడ్డుర్ బతికాడు. వాణ్ణి చంకనేసుకుని, వాడి గుడ్డలు ఉతికి, పాలు కాచి పట్టి పెంచింది ఆల్దిసే. వాడికి మాటలొచ్చాక మొదట పలికింది "అక్క".

యుద్ధకాలంలో ఆమె నగరానికి పోయి ఒక ధాన్యం కంపెనీలో గుమాస్తాగా చేరి, ఉద్యోగం చేస్తూనే అకౌంటెన్సీ పరీక్షలకు కూర్చుంది. "పెళ్లవగానే మానేసేదానికి ఈ పరీక్ష ఎందుకమ్మా?" అన్నాడు పరీక్ష పెట్టే పెద్దమనిషి.

"తమరు పెళ్లవగానే మానేశారా?" అంది ఆల్దిస్.

ఆ ఏడాది పాసైన ఇరవై ఇద్దరిలో ఆడమనిషి ఆమె ఒక్కతే. నగరంలోనే ఉండిపోయి ఉంటే ఆమె జీవితం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. 1948లో మంచు తుఫానులో చిక్కుకుని తండ్రి రెండు పాదాలూ పోగొట్టుకున్నాడు. ఆమె ఒక పెట్టెతో, ఒక టైపు మిషనుతో తిరిగొచ్చి ఇంటి ముందు గదిలో బల్ల వేసుకుంది.

ఆ తర్వాత పాతికేళ్లలో ఊరి పనులన్నీ ఆ బల్ల మీదికి చేరాయి. చర్చి పద్దు, సంఘం హాలు పద్దు, పాత ఐస్‌లాండ్ పుస్తకాల గ్రంథాలయం, శ్మశానం కమిటీ. అన్నిటికీ కార్యదర్శో కోశాధికారో ఆమే. దేనికీ జీతం లేదు. ముసలివాళ్లు ఒంటరి గుడిసెల్లో చలికి బిగుసుకుపోయి చస్తున్నారని చందాల పుస్తకం పట్టుకుని నాలుగు చలికాలాలు గడప గడపా తిరిగింది. కుక్కల్ని ఉసిగొల్పినవాళ్లు ఉన్నారు. దీపం ఆర్పేసి లేనట్టు కూర్చున్నవాళ్లు ఉన్నారు. చివరికి ఇరవై రెండు గదుల వృద్ధాశ్రమం లేచింది. దానికి సోల్‌బ్యార్గ్ అని పేరు పెట్టారు. తెరిచిన రోజు రిబ్బను కత్తిరించింది చేపల షెడ్డు యజమాని బ్రాండుర్. ఆల్దిస్ వంటగదిలో కప్పులు కడిగింది.

బ్రాండుర్‌కు ఆమె అంటే మొదటి నుంచీ గిట్టదు. అతను నోటిమాట మీద నడిచే మనిషి. భుజం తట్టి, ఒక చుక్క పోసి, పని కానిచ్చుకునేవాడు. ఆమె ముందు ఏ మాటన్నా "కాగితం ఏదీ?" అనేది. ఊళ్లో పిల్లలు కూడా ఆమె కనబడితే "కాగితం ఏదీ" అని అరిచి పారిపోయేవాళ్లు.

అసలు గొడవ 1974లో మొదలైంది. మరుసటేడు వలసకు వందేళ్ల పండుగ. సరస్సు ఒడ్డునున్న ప్రతి ఊరూ ఏదో ఒకటి కట్టుకుంటోంది. సెల్విక్ వాళ్లు ఊరికి ఉత్తరపు కొసన ఇసుక తిన్నె మీద పార్కు, పడవల రేవు, గుడారాలు వేసుకునే మైదానం కడదామనుకున్నారు. అప్పటికి బ్రాండుర్ మేయరు. ప్రభుత్వం డబ్బివ్వడానికి ఒప్పుకుంది. కాకపోతే ఆ నేలలో సమాధులేవీ లేవని శ్మశానం కార్యదర్శి రాసివ్వాలంది.

మే నెలలో ఒక పొద్దున బ్రాండుర్ ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. టోపీ కూడా తియ్యలేదు.

"ఏమ్మా ఆల్దిస్, ఒక్క సంతకం. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది."

ఆమె లేచి, బీరువాలోంచి తోలు అట్ట పుస్తకం ఒకటి తీసి, చివరి పేజీ అతని వైపు తిప్పింది. ఊరి మొదటి పాదిరీ చేతిరాత అది. 1876 చలికాలం మశూచిలో పోయిన ముప్పై నాలుగు మంది పేర్లు, వాళ్లను ఎక్కడెక్కడ పూడ్చారో వరసగా ఉంది. వాటి కింద, సిరా పలచబడిన అక్షరాల్లో ఇంకో రెండు వాక్యాలు: ఉత్తరపు కొసలో, బిర్చి చెట్ల పక్కన, ఈ నేలవాళ్లు పదమూడుగురు. పేర్లు తెలియవు, నేనే పూడ్చాను.

బ్రాండుర్ చదివాడు. మళ్లీ చదివాడు. పుస్తకం మూసి ఆమె వైపు నెట్టాడు.

"పేరు లేనిదాన్ని లెక్కలో ఎలా వేస్తావమ్మా? లెక్కలదానివి నువ్వే చెప్పు."

"పేరు లేదు. పదమూడని అంకె ఉందిగా."

"మశూచి మనవాళ్లనీ తిన్నది. మా ముత్తవ్వ మూడు శవపెట్టెలు మోసింది, తెలుసా?"

"తెలుసు. మూడింటికీ రాళ్లున్నాయి. ఏటేటా సున్నం వేయించేది నేనే."

"చూడు, పండుగ చెడగొట్టావంటే ఈ ఊళ్లో నీకు మంచినీళ్లు పుట్టవు."

"సరస్సు ఉందిలే," అంది ఆల్దిస్.

అతను వెళ్లాక ఆమె చాలాసేపు ఆ పుస్తకం ముందే కూర్చుంది. మనసులో గుచ్చుకుంటున్నది బ్రాండుర్ బెదిరింపు కాదు. చర్చికి తర్వాతెప్పుడో వచ్చిన పాదిరీ ఆ పుస్తకం ఆమె చేతికిచ్చింది 1953లో. ఆ పేజీ ఆమె అప్పుడే చదివింది. చదివి, ముప్పై నాలుగు సమాధులకూ తాడు పట్టుకుని కొలతలు తీసింది, పేర్లు చెక్కించింది. పదమూడింటి జోలికి పోలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి పోలేదు. ఇరవై ఒక్క సంవత్సరాలు.

ఆ శనివారం ఆమె కారు తీసుకుని ఉత్తరంగా గంటన్నర ప్రయాణం చేసి, ఆ నేల మీద మొదటి నుంచీ ఉన్న క్రీ జనాన్ని ప్రభుత్వం తోసిపెట్టిన పల్లెకు వెళ్లింది. అక్కడా ఇక్కడా అడిగితే వర్నా మర్డాక్ ఇల్లు చూపించారు. వర్నాకు నలభై ఏళ్లుంటాయి, బడిలో వంట చేసేది. వాకిట్లో పొగ మీద చేపలు ఆరబెడుతోంది. ఆల్దిస్ నిలబడే సంగతంతా చెప్పింది. వర్నా చేపలు తిరగేస్తూ విన్నది. కూర్చోమనలేదు.

"ఇదెప్పుడు చదివారన్నారు?"

"యాభై మూడులో."

"ఇరవై ఏళ్లు ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు," అంది.

"ఇప్పుడు మీ పార్కు అడ్డమొచ్చింది కాబట్టి మేం గుర్తొచ్చాం."

"అందుకే వచ్చాను. అబద్ధం చెప్పను. వాళ్ల పేర్లేమన్నా మీవాళ్లకి తెలుసా?"

వర్నా చేతిలోని కర్ర కింద పెట్టింది. "తెలుసు. పదమూడు మందీ తెలుసు. మా మామ్మ పడుకోబెట్టేటప్పుడు చెప్పేది. వాళ్ల గుడిసెలో ఆవిడ అమ్మ ఒక్కతే బతికి బయటపడింది. మీవాళ్లు దిగాకే ఆ రోగం దిగింది. మావాళ్ల గుడిసెలు తగలబెట్టి, మిగిలిన నలుగుర్నీ ఇటు తరిమారు. ఇప్పుడు పేర్లు కూడా ఇమ్మంటారా? మీ పుస్తకంలో రాసుకుని అవీ మీవే అనడానికా?"

"రాసుకోవడానికే," అంది ఆల్దిస్.

"నా చేపలు మాడిపోతున్నాయి. వెళ్లండి."

ఆల్దిస్ వెళ్లింది. ఊరు చేరాక సరాసరి తపాలా కార్యాలయానికి పోయి, సంతకం పెట్టనని, ఎందుకు పెట్టనో కూడా వివరంగా రాసి ప్రభుత్వానికి పంపింది. నకలు ఒకటి మేయరుకు, ఒకటి వర్నా మర్డాక్‌కు.

అంతే, ఊరు భగ్గుమంది. మర్నాటి నుంచే పొద్దున లేచేసరికి గుమ్మంలో కుళ్లిన చేప పేగులు ఉండేవి. చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చునేవాళ్లు కాదు. రొట్టెల కొట్టులో ఆమె వంతు వచ్చేసరికి రొట్టెలు అయిపోయేవి. ఒక ముసలమ్మ, ఆల్దిస్ తెరిపించిన ఆశ్రమంలో ఆల్దిస్ ఇప్పించిన గదిలో ఉంటున్న మనిషి, దారిలో ఆపి మరీ "నీ తల్లి చూడకుండా పోయింది, అదృష్టవంతురాలు" అంది.

వీటన్నిటినీ ఆల్దిస్ తట్టుకుంది. ఒడ్డుర్ విషయమే వేరు.

ఒడ్డుర్‌కు అప్పుడు నలభై రెండు. నలుగురు పిల్లలు. ఆ చలికాలమే బ్యాంకు దగ్గర అప్పు చేసి మట్టి తవ్వే యంత్రం కొన్నాడు. పార్కు తవ్వకం పని అతనికే అని బ్రాండుర్ మాటిచ్చాడు. అక్క ఉత్తరం సంగతి తెలిశాక అతను ఆమె ఇంటికి రాలేదు, కబురు కూడా పెట్టలేదు. నవంబరులో సంఘం హాల్లో సభ పెట్టారు. అక్కడ లేచి నిలబడ్డాడు.

ఆ రోజు హాలు నిండిపోయింది. తడి ఉన్ని కోట్ల వాసన, కాఫీ వాసన. బ్రాండుర్ వేదిక మీద నుంచి, "మన పెద్దలు ఆకలికి, చలికి, రోగానికి ఓర్చి ఈ ఊరు నిలబెట్టారు. వాళ్ల పండుగని ఒక్క మనిషి, ఒక్క కలంతో ఆపాలని చూస్తోంది" అన్నాడు. కింద నుంచి ఎవరో "కలం లాక్కోండి" అని అరిచారు. నవ్వులు.

ఆల్దిస్ లేచింది. "నేను ఆపడం లేదు. పార్కు దక్షిణాన కట్టుకోమన్నాను. అక్కడా నేల ఉంది."

"అక్కడ బురద!"

"ఆవిడ బుర్రలో కూడా!"

అప్పుడు ఒడ్డుర్ లేచాడు. చేతిలో టోపీ నలుపుతున్నాడు. అక్కా తమ్ముళ్లు ఎదురుపడితే చూడాలని అందరికీ ఉంది.

"అక్కా, నీకు పిల్లల్లేరు. నాకున్నారు," అన్నాడు. "వందేళ్ల కిందట పోయినోళ్ల కోసం బతికున్న తమ్ముడి నోట్లో మట్టి కొడతావా?"

"ఒరేయ్, ఆ యంత్రం వాయిదాలు నేను కడతాను. పని దొరికేదాకా కడతాను. అక్కడ మాత్రం తవ్వకు."

"నీ ముష్టి నాకెందుకు? చిన్నప్పటి నుంచీ ఇదేగా! నువ్వు పెట్టింది తినాలి, నువ్వు చెప్పింది వినాలి, తప్పులు నువ్వు దిద్దాలి! అమ్మ చచ్చిపోతే నేను నీకు దొరికాను!" టోపీ నేలకేసి కొట్టాడు. "దీన్ని అన్ని పనుల నుంచీ తీసేయండి. నా ఓటు దానికే."

చేతులెత్తమన్నారు. నూట ముప్పై ఆరు చేతులు లేచాయి. ఆమె వైపు నాలుగు. అందులో ఒకటి ఆమెదే. లెక్కపెట్టే అలవాటు కొద్దీ ఆమె తన మీదికి లేచిన చేతులను కూడా ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది.

మర్నాడు సంఘం మనుషులు బండి తెచ్చి పుస్తకాలన్నీ పట్టుకుపోయారు. కొత్త కార్యదర్శిగా వచ్చినతను, బ్రాండుర్ షెడ్డులో గుమాస్తా, ఆ సాయంత్రమే సంతకం పెట్టేశాడు. చివరి పేజీ సంగతి ప్రభుత్వం వాళ్లు అడిగితే, పుస్తకం తడిసి ఆ పేజీ ఊడిపోయిందని రాశాడు.

తర్వాతి వసంతంలో మంచు కరిగీ కరగకముందే ఒడ్డుర్ యంత్రం ఉత్తరపు కొసకు వెళ్లింది. ఆల్దిస్ మూడు రోజులు దారి పక్కన నిలబడి చూసింది. నాలుగో రోజు పోలీసతను వచ్చి, "ఇంటికెళ్లండమ్మా, మీవల్ల పని ఆగుతోంది" అన్నాడు. జూలైలో పార్కు తెరిచారు. బ్యాండు మేళం ఆమె వంటింటిదాకా వినబడింది. కిటికీ మూసేసింది.

ఊరంతా ఒక ఏడు తమ పన్ను కాగితాలు ఆ గుమాస్తా దగ్గరికి పట్టుకెళ్లారు. తప్పుల మీద తప్పులు వచ్చి, పన్నుల శాఖ తాఖీదులు పంపేసరికి అందరూ తలలు దించుకుని ఆమె దగ్గరికే తిరిగొచ్చారు. ఆమె తిప్పి పంపలేదు. కూర్చోమని మాత్రం అనేది కాదు. సోల్‌బ్యార్గ్ ఆశ్రమం పద్దు కూడా చిక్కులు పడి ఆమె దగ్గరికే చేరింది. "నీకు సిగ్గు లేదా, వాళ్లకి ఎందుకు చేస్తావు?" అని పక్క ఊరి స్నేహితురాలు అడిగితే, "ముసలాళ్లు చలికి చచ్చిపోతారు" అంది. వేరే కారణం ఏదీ చెప్పలేదు. వేరే కారణం ఉందో లేదో కూడా ఆమెకు తెలియదు.

ఒడ్డుర్ ఇల్లు ఆమె ఇంటికి మూడిళ్ల అవతల. ముప్పై ఏళ్లు రోజూ ఆమె కిటికీ ముందు నుంచి నడిచి వెళ్లాడు. తల తిప్పలేదు. అతని పిల్లల పెళ్లిళ్లకు ఆమెకు పిలుపు రాలేదు. పెళ్లి కేకు ముక్కలు మాత్రం కాగితంలో చుట్టి మెయిల్ పెట్టెలో పెట్టి పోయేది అతని భార్య. ఆల్దిస్ తినేది కాదు, పారేసేదీ కాదు. పక్షులకు వేసేది.

2005 అక్టోబరులో, ఆల్దిస్‌కు ఎనభై మూడేళ్లప్పుడు, ఆశ్రమం నుంచి నర్సు ఫోను చేసింది. ఒడ్డుర్ అక్కడ చేరి నాలుగు నెలలైంది. ఊపిరితిత్తులు పాడైపోయాయి. అక్కను చూడాలంటున్నాడట.

ఆల్దిస్ మధ్యాహ్నం భోజనం చేసి, కప్పు కడిగి బోర్లించి, అప్పుడు బయల్దేరింది. తను చందాలు ఎత్తి కట్టించిన గదుల వరసలో పదిహేడో నంబరు గది. ఒడ్డుర్ దిండ్లకు ఆనుకుని ఉన్నాడు, ముక్కుకు గొట్టం. ఎదుట గదిలో బ్రాండుర్ ఎనభై ఏడేళ్ల వయసులో చక్రాల కుర్చీలో నిద్రపోతున్నాడు.

"తలుపెయ్యి," అన్నాడు ఒడ్డుర్.

ఆమె తలుపేసి నిలబడింది.

"యంత్రం బకెట్‌లో వచ్చింది," అన్నాడు. దేని గురించో చెప్పలేదు. ఆమెకు చెప్పక్కర్లేదు. "మే ఎనిమిది. చిన్న తల. ఇంతే ఉంది. మెడ ఎముకల్లో నీలం పూసలు. యంత్రం ఆపేశాను. బ్రాండుర్ వచ్చాడు. కుక్కదేలే, పూడ్చెయ్ అన్నాడు. కుక్క మెడలో పూసలుంటాయా అక్కా?"

"పూడ్చావా?"

"యంత్రంతో కాదు. చేత్తో సర్ది పెట్టాను. పైన కంకర పోయించాను. కార్లు ఆపే చోటు అదే." గసపెట్టాడు. "మా చంటిది అప్పుడు ఆ సైజే."

ఆల్దిస్ మంచం అంచు మీద కూర్చుంది. తమ్ముడి ముఖం చూసింది. ఆ ముఖం మీద జాలి కలుగుతుందేమోనని చూసింది. కోపమే వచ్చింది.

"ముప్పై ఏళ్లు నా కిటికీ ముందు నుంచి నడిచావురా."

"నడిచాను."

"ఒక్క రోజు తలుపు తట్టలేకపోయావా?"

"తడితే ఏమనేదానివి? నేను చెప్పలేదా అనేదానివి. అదిగో, ఇప్పుడు కూడా నీ కళ్లలో అదే ఉంది. గెలిచావుగా, సంతోషించు!"

"గెలిచానా?" ఆమె గొంతు లేచింది. "దాని మీద ముప్పై ఏళ్లు కార్లు ఎక్కించాక గెలిచానా?"

నర్సు తలుపు తీసి చూసి మళ్లీ మూసేసింది. ఆల్దిస్ సంచిలోంచి కాగితం, కలం తీసింది.

ఒడ్డుర్ నవ్వబోయి దగ్గాడు. "కాగితం కావాలా?"

"కావాలి. తారీకు, చోటు, బ్రాండుర్ అన్న మాట. అన్నీ."

అతను చెబుతుంటే ఆమె రాసింది. సంతకం దగ్గర అతని వేళ్లు నిలవలేదు. ఆమె పట్టుకుని పెట్టించలేదు. అతనే మూడుసార్లు ప్రయత్నించి పెట్టాడు. సాక్షిగా నర్సును పిలిచారు. పోయేటప్పుడు ఒడ్డుర్, "అక్కా, రేపొస్తావా?" అన్నాడు.

"వర్నా దగ్గరికి వెళ్లాలి రేపు," అంది ఆల్దిస్.

ఐదో రోజున ఒడ్డుర్ పోయాడు. ఆమె మళ్లీ వెళ్లలేదు. వెళ్లి ఉండాల్సిందని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది. వెళ్లి ఏమని ఉండేదో మాత్రం ఎంత ఆలోచించినా తట్టలేదు.

వర్నాకు అప్పటికి డెబ్భై దాటాయి. కాగితం రెండుసార్లు చదివి, నీలం పూసలు అన్న చోట వేలు పెట్టి ఆగిపోయింది. ఇంట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నాయి, మాట మాత్రం గట్టిగానే ఉంది.

"నీ తమ్ముడు పోతూ పోతూ బరువు దించుకున్నాడు. ఇప్పుడు అది మా నెత్తినెక్కింది."

"అవును."

"నిన్ను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తెలుసా?"

"తెలుసు. కారెక్కు. మంగళవారాలు కౌన్సిలు కూర్చుంటుంది."

అప్పటి మేయరు బ్రాండుర్ కూతురు సోల్వేగ్. కాగితం చదివి, "చావబోయే మనిషి మాట ఇది. మా నాన్నకి ఇప్పుడు తన పేరే గుర్తు లేదు, ఆయన్ని ఎవరడుగుతారు?" అంది. గుడారాల మైదానం మీద బతికే కొట్లవాళ్లు హాలు వెనక నిలబడి గొణుగుతున్నారు. ఒకడు గట్టిగానే అన్నాడు: "ఎముకలకి అద్దె ఇస్తారా?"

వర్నా వెనక్కి తిరిగింది. "నువ్వు ఎవరబ్బాయివి?"

వాడు తండ్రి పేరు చెప్పాడు.

"మీ నాన్న ఎక్కడున్నాడు?"

"శ్మశానంలో."

"రేపు నేను యంత్రం తెస్తా. ఆయన మీద కార్లు ఆపుకుంటా. అద్దె ఎంతో చెప్పు."

వాడు మిగతావాళ్ల వెనక్కి తప్పుకున్నాడు. అయినా పని తేలడానికి రెండేళ్లు పట్టింది. ఆల్దిస్ ఆ రెండేళ్లలో నూట పద్నాలుగు ఉత్తరాలు రాసింది. నగరం నుంచి విశ్వవిద్యాలయం వాళ్లు వచ్చి, నేల లోపల చూసే పరికరం పెట్టి వెతికారు. పదకొండు చోట్ల మనుషులు ఉన్నారని తేల్చారు. మిగతా ఇద్దరు రేవు తవ్వినప్పుడు నీళ్లపాలై ఉంటారన్నారు. కంకర ఎత్తించారు, కంచె వేయించారు. సగం మైదానం మూతబడింది. ఆ వారం ఆల్దిస్ కారు నాలుగు టైర్లూ ఎవరో కోసేశారు.

రాయి నిలబెట్టడానికి వర్నావాళ్లు రెండు బస్సుల్లో వచ్చారు. ఊరి నుంచి పదకొండు మంది వచ్చారు. రాతి మీద పదమూడు పేర్లూ క్రీ అక్షరాల్లో ఉన్నాయి. ఆల్దిస్ దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు సవరించుకుని, వరసల వెంట చూపు నడిపింది. ఒక్క అక్షరం కూడా తెలియదు.

"ఇవి ఎలా పలకాలి?" అని వర్నాను అడిగింది.

"నీకు పలకడం రానక్కర్లేదు," అంది వర్నా. "మాకొచ్చు."

ఆల్దిస్ తలూపింది. ఇంటికొచ్చి, మళ్లీ తన చేతికే వచ్చిన శ్మశానం పుస్తకంలో తారీకు వేసి, పదమూడుగురు, పేర్లు వాళ్లవాళ్ల దగ్గర ఉన్నాయి అని రాసింది.

2012 మార్చిలో ఆమెకు తొంభై నిండాయి. ఊరు అప్పటికి మారిందనాలో, పాతవాళ్లు చచ్చిపోయారనాలో, సంఘం హాల్లో ఆమెకు విందు పెట్టారు. ఎండు ప్లమ్ పళ్ల గుజ్జు పెట్టి ఏడు పొరలుగా చేసే కేకు బల్ల నిండా ఉంది. ఇదివరకు కుళ్లిన చేప పేగులు పోసిన ఇళ్లలోని మనవలు పూలు తెచ్చారు. సోల్వేగ్ మైకు పట్టుకుంది.

"ఆల్దిస్ అమ్మగారు ఈ ఊరి మనస్సాక్షి. కష్టకాలంలో ఆవిడ నిలబడ్డారు. ఊరంతా ఆవిడ వెనక నిలబడింది."

చప్పట్లు. ఆల్దిస్ కర్ర ఊతతో లేచి మైకు అడిగింది. ఇచ్చారు.

"తప్పు," అంది. "పందొమ్మిది వందల డెబ్భై నాలుగు నవంబరులో ఈ హాల్లో నూట నలభై మంది ఉన్నారు. నూట ముప్పై ఆరు చేతులు నా మీదికి లేచాయి. నా వెనక ముగ్గురే నిలబడ్డారు, ముగ్గురూ పోయారు. సోల్వేగ్, నువ్వు రెండో వరసలో కిటికీ పక్కన, పచ్చ కోటులో కూర్చున్నావు. రెండు చేతులూ ఎత్తావు, ఒకటే లెక్కలో వేశారు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సోల్వేగ్ ముఖం జేవురించింది. ఆల్దిస్ మైకు బల్ల మీద పెట్టి కోటు కోసం వెళ్తుంటే వంటగది గుమ్మంలో అడ్డం వచ్చింది.

"అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు! మా నాన్న పోయి నాలుగేళ్లైంది. ఇంకా వదలవా? మేం మంచిగా ఉందామంటే ఉండనివ్వవా?"

"ఉండండి. అబద్ధం లేకుండా ఉండండి."

"నీలాంటి దాన్ని ఎవరూ ప్రేమించలేరు. తెలుసా నీకు?"

"నా కోటుకి అడ్డం నిలబడ్డావు, జరుగు," అంది ఆల్దిస్.

బయట వర్నా ట్రక్కులో కూర్చుని ఉంది. ఆ హాల్లో అడుగు పెట్టనని ముందే చెప్పింది. డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో కూడా ఆ మంచు దారిలో తనే నడుపుకుంటూ వచ్చింది.

"అప్పుడే తరిమేశారా?"

"నేనే వచ్చేశాను."

"ఏం పెట్టారు?"

"కేకు."

"నాకు తేలేదా?"

"నేనే తినలేదు."

"తొంభై ఏళ్లొచ్చాయి, విందులో తినాలని కూడా తెలియదు," అని విసుక్కుంటూ వర్నా బండి కదిలించింది. పెద్దరోడ్డు పక్కన చేపలు వేయించే కొట్టు ముందు ఆపింది. ఇద్దరూ ట్రక్కులోనే కూర్చుని, వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ పికరెల్ చేప ముక్కలు తిన్నారు. ముళ్లు సరిగా తియ్యలేదని ఆల్దిస్ కొట్టువాణ్ణి తిట్టింది. కొట్టువాణ్ణి కాదు, ముందు నీ కళ్లద్దాలు మార్చుకోమని వర్నా ఆమెను తిట్టింది.

ఆ తర్వాత ఆల్దిస్ ఇంకో రెండు చలికాలాలు బతికింది. సోల్వేగ్ ఆమెతో మళ్లీ మాట్లాడలేదు. వర్నా నెలకోసారి వచ్చేది, వచ్చినప్పుడల్లా ఇద్దరూ దేని మీదో ఒకదాని మీద పోట్లాడుకునేవాళ్లు.